చిత్తడి మాగాణిలో ట్రాక్ కోత యంత్రం: ట్రాక్ అమరిక లోపాలను గుర్తించే విధానం

వరంగల్ ప్రాంతంలో వరి కోతల కాలం తక్కువ రోజుల్లో ముగిసిపోవలసిన పని. కాకతీయ కాలువ కింద, పాకాల, రామప్ప, లక్నవరం వంటి చెరువుల ఆయకట్టు కింద మడులన్నీ ఇంచుమించు ఒకే సమయంలో కోతకు వస్తాయి. వానాకాలపు పంటకు అక్టోబరు, నవంబరు మాసాల్లో తుపాను వానల భయం; యాసంగి పంటకు ఏప్రిల్‌లో వడగండ్ల భయం. సాంబ మసూరి వంటి సన్న రకాలు గాలివానకు పడిపోయి, మడిలో నీరు తీయకముందే కోయవలసి వచ్చినప్పుడు టైర్ల యంత్రం దిగబడుతుంది. అప్పుడు రైతుకు మిగిలిన ఆధారం రబ్బరు ట్రాక్ ఉన్న కోత యంత్రం. గ్రామాల్లో దీనినే చైన్ మిషన్ అంటారు. గంటకు ఇంత అని అద్దె మాట్లాడుకొని తెచ్చుకున్న ఈ యంత్రం మడి మధ్యలో ట్రాక్ జారి నిలిచిపోతే ఆ ఒక్క రైతు పంట మాత్రమే ఆగదు. ఆ తరువాత వరుసలో ఉన్న వారందరి పంట ఆగుతుంది. కోత ఆలస్యమైన ధాన్యం తడిసి, 17 శాతం తేమ పరిమితి దాటి, కొనుగోలు కేంద్రంలో రోజుల తరబడి ఆరబెట్టవలసి వస్తుంది.

కోత యంత్రాలపై రూపొందే శిక్షణ పాఠాల్లో కట్టర్ బార్, నూర్పిడి డ్రమ్ము, జల్లెడలు, గింజ నష్టం గురించి వివరంగా చెబుతారు. యంత్రం బరువంతా మోసే కింది భాగానికి మాత్రం దక్కవలసిన చోటు దక్కలేదు. ఫలితంగా, ట్రాక్ జారిన ప్రతిసారీ ఆపరేటరు చేసే పని ఒక్కటే: టెన్షన్ బోల్టు బిగించడం. కొన్ని సందర్భాల్లో అది సరైన చికిత్సే. అమరిక లోపం ఉన్నప్పుడు మాత్రం బిగింపు ఆ లోపాన్ని కొన్ని గంటలపాటు కప్పిపుచ్చి, బేరింగులను, ఉక్కు తీగలను దెబ్బతీస్తుంది. బోల్టుపై స్పానరు పెట్టే ముందు ట్రాక్ మీద, రోలర్ల మీద ఉన్న అరుగుదల గుర్తులను చదవడం ఎలాగన్నదే ఈ వ్యాసంలో ప్రధానాంశం. ఇందులోని సూత్రాలు నిర్మాణ పనుల్లో వాడే కాంపాక్ట్ ట్రాక్ లోడర్లకు, చిన్న ఎక్స్‌కవేటర్లకు కూడా చాలావరకు వర్తిస్తాయి.

ట్రాక్ నిర్మాణం

ట్రాక్ అనే ఆలోచన బలపడిందే చిత్తడి నేలల్లో. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో స్టాక్‌టన్ సమీపాన మెత్తని నేలల్లో ఆవిరి ట్రాక్టర్ల చక్రాలు దిగబడుతుండగా, బెంజమిన్ హోల్ట్ 1904 నవంబరు 24న చక్రాలకు బదులు ట్రాక్ అమర్చిన ట్రాక్టరును పరీక్షించాడు. బరువును ఎక్కువ వైశాల్యం మీద పరచడమే ఆనాటి సూత్రం, ఈనాటి సూత్రం కూడా. ఉదాహరణకు 3 టన్నుల యంత్రం, 500 మి.మీ. వెడల్పు గల రెండు ట్రాకులపై, ఒక్కొక్కటి 1.6 మీటర్ల పొడవున నేలను తాకుతూ నిలిచినదనుకుంటే, తాకే వైశాల్యం 1.6 చదరపు మీటర్లు. చదరపు సెంటీమీటరుకు పడే భారం 0.19 కిలోలే. నిలబడిన మనిషి పాదాల కింద పడే ఒత్తిడి దీనికంటే తక్కువేమీ ఉండదు.

రబ్బరు ట్రాక్ పేరుకు రబ్బరే గాని, లోపల పొడవునా ఉక్కు తీగలు, అడ్డంగా ఇనుప కడ్డీలు ఉంటాయి. ఉక్కు తీగలు లాగుడును భరిస్తాయి. ఇనుప కడ్డీల మధ్య ఉన్న ఖాళీల్లో స్ప్రాకెట్ పళ్లు దిగి ట్రాకును తిప్పుతాయి. ఆ కడ్డీల నుండే లోపలి వైపుకు రెండు వరుసల గుబ్బలు లేచి ఉంటాయి. వీటిని గైడ్లు అంటారు. రోలర్లు, వెనుకనో ముందునో ఉండే ఐడ్లర్ చక్రం ఈ గైడ్ల ఆధారంగానే ట్రాకును వరుసలో ఉంచుతాయి. ట్రాక్ జారడమంటే, గైడ్లు రోలరు అంచును ఎక్కి దాటిపోవడమే.

ట్రాక్ లోపలి వైపున సాధారణంగా మూడు సంఖ్యలు అచ్చువేసి ఉంటాయి. 500×90×54 అని ఉంటే, వెడల్పు 500 మి.మీ., ఒక కడ్డీ నుండి మరొక కడ్డీకి దూరం 90 మి.మీ., మొత్తం కడ్డీలు 54 అని అర్థం. అంటే ట్రాక్ చుట్టుకొలత 4,860 మి.మీ. ఈ లెక్క ముందు ముందు అవసరమవుతుంది కావున దీనిని గుర్తుంచుకోవాలి.

స్ప్రాకెట్ ముందుందా, వెనుకనుందా అనేది రోగ నిర్ధారణలో మొదట చూడవలసిన విషయం. మన మాగాణుల్లో తిరిగే జపాను తరహా కోత యంత్రాల్లో స్ప్రాకెట్ ముందు భాగంలో, బిగువును సరిచేసే ఐడ్లర్ వెనుక భాగంలో ఉంటాయి. ట్రాక్ లోడర్లలో సాధారణంగా స్ప్రాకెట్ వెనుక ఉంటుంది. ముందున్న స్ప్రాకెట్ యంత్రాన్ని ముందుకు నడిపేటప్పుడు ట్రాక్ పై వరుసను తన వైపు లాగుతుంది. ఐడ్లర్ మీద ట్రాక్ బిగువుగా కూర్చుంటుంది. వెనుకకు నడిపేటప్పుడు లాగుడు కింది వరుసకు మారుతుంది. పై వరుస వదులై, ఆ వదులు ఐడ్లర్ మీదికి నెట్టబడుతుంది. ఏ చక్రం మీదికైనా ట్రాక్ వదులుగా ప్రవేశించినప్పుడే గైడ్లు అంచు ఎక్కే అవకాశం ఎక్కువ. మడి మూలలో వెనుకకు పోతూ మలుపు తిప్పినప్పుడు ట్రాక్ జారిందన్న ఫిర్యాదు తరచుగా వినిపించడానికి కారణమిదే. అదే యంత్రం నేరుగా ముందుకు పోతూ జారితే లోపం ఇంతకంటే తీవ్రమైనదని భావించాలి.

మూడు వేర్వేరు ఫిర్యాదులు

“చైన్ పక్కకు పోతోంది” అనే ఒకే మాటతో ఆపరేటర్లు మూడు వేర్వేరు లోపాలను చెబుతారు. యంత్రం మొత్తం ఒక పక్కకు లాగడం మొదటిది. యంత్రం నేరుగానే పోతున్నా, ట్రాక్ ఫ్రేముకు ఒక పక్క రాసుకోవడం రెండవది. ట్రాక్ పూర్తిగా జారిపోవడం మూడవది. రెండవది ముదిరితే మూడవది అవుతుంది. మొదటిదానికి ట్రాక్ అమరికతో సంబంధం ఉండవచ్చు, లేకపోనూ వచ్చు. ఫోనులో సలహా ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్త మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. దీనికి సమాధానం తెలియకుండా ఇచ్చే సలహా సగం సార్లు తప్పుతుంది.

యంత్రం ఒక పక్కకు లాగుతున్నప్పుడు రెండు ట్రాకులు ప్రయాణించే దూరంలో ఎంత తేడా ఉంటే చాలు? ట్రాకుల మధ్య దూరం 1.2 మీటర్లు అనుకుందాం. 100 మీటర్ల ప్రయాణంలో ఒక ట్రాక్ 10 సెంటీమీటర్లు వెనుకబడితే, అంటే వెయ్యిలో ఒక వంతు తేడా ఉంటే, యంత్రం ముఖం దాదాపు 5 డిగ్రీలు తిరుగుతుంది; అది వరుస నుండి 4 మీటర్లకు పైగా పక్కకు పోతుంది. నేల మీద జారుడు వలన వాస్తవంలో ఈ సంఖ్య కొంత తగ్గవచ్చు. అయినా ఒక పక్క కొత్త ట్రాక్, మరొక పక్క పాత ట్రాక్ వేసుకున్న యంత్రం ఎందుకు సూటిగా నడవదో ఈ లెక్క చెబుతుంది. ఖర్చు తగ్గుతుందని ఒక్క ట్రాకునే మార్చుకునే అలవాటు యజమానుల్లో ఉంది. ఆ పొదుపుకు మూల్యంగా ఆపరేటరు రోజంతా స్టీరింగ్ లివరును ఒకే పక్కకు లాగుతూ ఉంటాడు. ఆ పక్క క్లచ్, బ్రేకు ముందుగా అరుగుతాయి.

ఈ ఫిర్యాదును పరీక్షించడానికి గట్టి, సమతలమైన నేల కావాలి. సిమెంటు కల్లం ఉంటే సరిపోతుంది. రెండు స్ప్రాకెట్లకు చెరొక రంగు గుడ్డ పీలిక కట్టి, స్టీరింగ్ లివరును ముట్టకుండా యంత్రాన్ని 30 మీటర్లు నడిపి, ఇరువైపులా ఒక్కొక్కరు స్ప్రాకెట్ తిరుగుళ్లను లెక్కించాలి. తిరుగుళ్లలో తేడా ఉంటే లోపం గేర్‌బాక్సు, క్లచ్, బ్రేకుల్లో ఉంది. ట్రాకును ముట్టుకోవలసిన పని లేదు. తిరుగుళ్లు సమానంగా ఉన్నా యంత్రం పక్కకు పోతే ట్రాకుల పొడవు, స్ప్రాకెట్ పళ్ల అరుగుదల, ఒక పక్క రోలరు బిగుసుకుపోవడం వంటి వాటిని చూడాలి. యంత్రాన్ని పైకి లేపి, బరువు లేకుండా స్ప్రాకెట్లను తిప్పి చూసి “రెండూ సమానమే” అని తేల్చడం పొరపాటు. జారే క్లచ్ బరువు పడినప్పుడే జారుతుంది.

సాళ్లు చెప్పే సాక్ష్యం

తేమ ఉండి కాస్త గట్టిపడిన మడిలో యంత్రం నేరుగా నడిచిన జాడ ఒక మంచి కొలబద్ద. 500 మి.మీ. వెడల్పు ట్రాక్ సూటిగా నడిస్తే జాడ వెడల్పు కూడా ఇంచుమించు అంతే ఉండాలి. జాడ 560 మి.మీ. ఉంటే ట్రాక్ ఫ్రేము ప్రయాణ దిశకు ఏటవాలుగా ఉందని, ఎండ్రకాయ నడకలా యంత్రం కొంత అడ్డంగా ఈడ్చుకుపోతోందని అర్థం. 1.6 మీటర్ల పొడవు నేలను తాకే ట్రాకులో 60 మి.మీ. అదనపు వెడల్పు రావాలంటే ఫ్రేము సుమారు 2 డిగ్రీలు తిరిగి ఉండాలి. బురదలో అంచులు కూలిపోతాయి కాబట్టి పలుచని బురదలో ఈ కొలత పనికిరాదు. రెండు ట్రాకుల జాడలను విడివిడిగా కొలిచి, ఏ పక్క జాడ వెడల్పుగా ఉందో చూసుకోవాలి.

జాడ అనుమానం కలిగించినప్పుడు మేస్త్రీలు గది మూలమట్టం చూసే పద్ధతినే ఇక్కడా వాడవచ్చు. ఎడమ ముందు రోలరు ఇరుసు మధ్య నుండి కుడి వెనుక రోలరు ఇరుసు మధ్యకు, తిరిగి కుడి ముందు నుండి ఎడమ వెనుకకు టేపుతో కొలవాలి. రెండు కర్ణాలు సమానంగా ఉంటే ఫ్రేములు సమాంతరంగా ఉన్నట్లే. తేడా స్పష్టంగా ఉంటే ఫ్రేము మెలిపడి ఉండవచ్చు, లేదా దానిని ఛాసిస్‌కు బిగించే బోల్టులు వదులై ఉండవచ్చు. బోల్టుల తలల చుట్టూ కొత్త తుప్పు పొడి, పెయింటు పగిలిన గీతలు కనిపిస్తాయేమో ముందుగా చూడటం మంచిది. ఈ ప్రాంతంలో ఫ్రేము దెబ్బతినే సందర్భాలు ప్రధానంగా రెండు. లారీ లేదా ట్రాలీ నుండి దించేటప్పుడు ఒక ట్రాక్ ర్యాంపు అంచు దాటి పడటం మొదటిది. ఎత్తైన గట్టును ఏటవాలుగా దాటి, ఒక మూల మీద యంత్రం బరువంతా పడటం రెండవది.

అరుగుదల గుర్తులను చదవడం

ట్రాకును నీటితో పూర్తిగా కడిగిన తరువాతే ఈ పరిశీలన మొదలుపెట్టాలి. బురద కింద అరుగుదల కనిపించదు. పైగా బురద, వరిగడ్డి కలిసి ఐడ్లర్ వెనుక గట్టిగా దిమ్మకట్టి ట్రాకును పక్కకు నెట్టడం కూడా ఉంది. ఆ సందర్భంలో కడగడమే చికిత్స. మొరం రోడ్డు మీద నడిపిన యంత్రాల్లో రాళ్లు స్ప్రాకెట్ పళ్ల సందుల్లో ఇరుక్కొని ట్రాకును క్షణకాలం పైకి లేపుతాయి. వరంగల్ చుట్టుపక్కల గ్రానైటు గుట్టల నుండి వచ్చే పదునైన గులకరాళ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇవి రబ్బరును కోసి, ఉక్కు తీగలకు నీరు తగిలే దారి చేస్తాయి.

గైడ్ గుబ్బలకు లోపలి ముఖం, బయటి ముఖం అని రెండు ఉంటాయి. మెరుగుపట్టినట్లు మెరిసే ముఖమే రాసుకుంటున్న ముఖం. ట్రాక్ చుట్టూ ప్రతి గుబ్బకూ ఒకే పక్క మెరుపు ఉంటే, ట్రాక్ ఎల్లవేళలా ఒకే పక్కకు తోయబడుతోంది. లోపం యంత్రం అమరికలో ఉంది. కొన్ని గుబ్బల వద్ద మాత్రమే మెరుపు ఉండి మిగిలినవి సాధారణంగా ఉంటే, లోపం ట్రాకులోనే ఉంది. ఆ భాగంలో ఇనుప కడ్డీ వంగి ఉండవచ్చు. ఒక పక్క ఉక్కు తీగలు తెగి ట్రాక్ అరటికాయలా వంపు తిరిగి ఉండవచ్చు.

రోలర్లు మరొక కథ చెబుతాయి. యంత్రం ఎడమకు తిరిగేటప్పుడు దాని ముందు భాగం ఎడమకు, వెనుక భాగం కుడికి జరుగుతాయి. అందువలన నేల ముందు రోలర్ల వద్ద ట్రాకును ఒక పక్కకు, వెనుక రోలర్ల వద్ద దానికి ఎదురు పక్కకు నెడుతుంది. మడి చుట్టూ ఎప్పుడూ ఒకే దిశలో తిరిగే ఆపరేటరు యంత్రంలో ముందు రోలర్ల అంచులు ఒక పక్క, వెనుక రోలర్ల అంచులు ఎదురు పక్క అరిగి ఉండటం సహజం. దీనిని అమరిక లోపమని భ్రమించి ఫ్రేమును సరిచేయబోతే లేని లోపాన్ని తెచ్చిపెట్టినట్లవుతుంది. ముందు నుండి వెనుక వరకు అన్ని రోలర్లూ ఒకే పక్క అరిగినప్పుడే అమరికను అనుమానించాలి. మలుపుల అరుగుదల మితిమీరి ఉంటే ఆపరేటరుతో మాట్లాడాలి: ఒక ట్రాకును పూర్తిగా ఆపి నిలిచినచోటే గిరుక్కున తిప్పడం కంటే వెడల్పైన మలుపు తీసుకుంటే ట్రాక్ ఎక్కువ కాలం మన్నుతుంది, మడిలో గుంటలు కూడా తక్కువ పడతాయి.

సుద్దముక్కతో చేసే పరీక్ష

అరుగుదల గుర్తుల తరువాత చేయవలసిన పరీక్షకు పెద్ద పరికరాలు అక్కరలేదు. సుద్దముక్క, ఇనుప స్కేలు, దారం చాలు. యంత్రాన్ని గట్టి నేల మీద నిలిపి, తయారీదారు సూచించిన చోట్ల జాకీలు పెట్టి, ట్రాకులు నేలను వదిలేటట్లు పైకి లేపి, ఫ్రేము కింద బలమైన చెక్క దిమ్మెలు పేర్చాలి. జాకీల మీదనే వదిలి పని చేయరాదు. మడిలో ఈ పరీక్ష చేయరాదు. ఇంజను నిదానంగా నడుస్తుండగా ఒకరు సీటులో ఉండి ట్రాకును అతి తక్కువ వేగంతో తిప్పాలి. గమనించే వ్యక్తి పక్క నుండి రెండు మీటర్ల దూరంలో నిలవాలి; ట్రాకుకు ఎదురుగా గాని, వెనుక గాని ఉండరాదు. స్కేలుతో కొలిచే ప్రతిసారీ ఇంజను ఆపి, తాళం తీసి చేతిలో ఉంచుకోవాలి.

ట్రాక్ మీద ఒక కడ్డీ వద్ద, స్ప్రాకెట్ మీద ఒక పన్ను వద్ద, ఐడ్లర్ మీద ఒక చోట సుద్దతో గీతలు పెట్టాలి. ఐడ్లర్ అంచుకు, గైడుకు మధ్య ఖాళీని ఇరువైపులా కొలిచి రాసుకోవాలి. ట్రాకును నాలుగైదు కడ్డీల చొప్పున జరుపుతూ పూర్తి చుట్టు వరకు ఈ కొలతలు తీసుకోవాలి. ఓపికతో చేయవలసిన పనే గాని, అంచనాల మీద విడిభాగాలు కొనే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా చౌక.

కొలతలు మారే తీరే లోపం ఎక్కడుందో చెబుతుంది. పైన చెప్పిన 54 కడ్డీల ట్రాకునే, తొమ్మిది పళ్ల స్ప్రాకెట్ తిప్పుతోందనుకుందాం. స్ప్రాకెట్ ఒక్క తిరుగుడుకు ట్రాక్ 810 మి.మీ. జరుగుతుంది, ట్రాక్ ఒక చుట్టు పూర్తయ్యేసరికి స్ప్రాకెట్ ఆరుసార్లు తిరుగుతుంది. ఖాళీ 4,860 మి.మీ.కు ఒకసారి, అంటే సుద్ద గీత ఉన్న కడ్డీ తిరిగి అదే చోటికి వచ్చినప్పుడు మారితే లోపం ట్రాకుది. 810 మి.మీ.కు ఒకసారి మారితే లోపం స్ప్రాకెట్‌ది: ఇరుసు వంగి ఉండవచ్చు, బోల్టు వదులై చక్రం ఊగుతుండవచ్చు. ఐడ్లర్ మీది గీతతో పాటు మారితే ఐడ్లర్‌ను చూడాలి. 160 మి.మీ. వ్యాసం గల రోలరు వంకరైతే సుమారు ప్రతి అర మీటరుకు ఒకసారి దాని ప్రభావం కనిపిస్తుంది. ఏ తిరుగుడుతోనూ సంబంధం లేకుండా ఖాళీ ఒకే పక్క ఎక్కువగా నిలిచిపోతే, అప్పుడు ఫ్రేమునో, ఐడ్లర్ బిగింపునో అనుమానించాలి.

ఇక్కడ ఆసక్తికరమైన విషయం ఒకటుంది. 54ను 9 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి, స్ప్రాకెట్‌లోని ఒక్కొక్క పన్ను ఎప్పుడూ ట్రాకులోని అవే ఆరు చోట్లను కలుస్తుంది. ఒక పన్ను విరిగినా, వంగినా ట్రాకులో ప్రతి తొమ్మిదవ చోట గాయం కనిపిస్తుంది. ట్రాక్ నాణ్యత లేనిదని విక్రేతతో వాదానికి దిగేముందు ఆ గాయాలను ఒకసారి లెక్కపెట్టడం మేలు. కొత్త ట్రాక్ వేసినా అదే పన్ను అవే గాయాలను తిరిగి చేస్తుంది.

తరువాత ట్రాకును ముందుకు, వెనుకకు తిప్పి చూడాలి. యంత్ర పట్టాల విషయంలో తెలిసిన సూత్రమే ఇక్కడ ఉపయోగపడుతుంది. ఒక చక్రం ఇరుసు ట్రాక్ దిశకు లంబంగా లేకుండా అడ్డంగా తిరిగి ఉంటే, ట్రాక్ ముందుకు తిరిగినప్పుడు ఒక పక్కకు, వెనుకకు తిరిగినప్పుడు ఎదురు పక్కకు జరుగుతుంది. దిశ మార్చినా ట్రాక్ అదే పక్కకు ఒరిగి ఉంటే, చక్రం వరుస తప్పి పక్కకు జరిగి ఉండవచ్చు లేదా ట్రాక్ ఒక అంచు సాగి ఉండవచ్చు. గైడ్లు ట్రాకును నిర్బంధించి ఉంచుతాయి కాబట్టి ఈ కదలిక కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. కంటితో చూసి వదిలేయక స్కేలుతో కొలవాలి.

ముందుకు, వెనుకకు ఎదురు పక్కలకు జరుగుతున్న ట్రాకులో మొదట అనుమానించవలసింది ఐడ్లర్‌నే. బిగువు సరిచేయడానికి ఐడ్లర్ ముందుకూ వెనుకకూ జరిగే గాడి ఒకటి ఉంటుంది. బురదనీరు, ఇసుక చేరి ఆ గాడి అరిగినప్పుడు ఐడ్లర్ వదులై, లాగుడు పడినప్పుడు ఒక పక్కకు తిరుగుతుంది. ఇంజను ఆపి, గడ్డపారతో ఐడ్లర్‌ను పక్కలకు కదిపితే ఈ వదులు తెలుస్తుంది. ఐడ్లర్ కదలకుండా ఉండి చక్రం మాత్రమే కదిలితే బేరింగు పోయినట్లు. టెన్షన్ బోల్టు బిగించినప్పుడు ఈ వదులు తాత్కాలికంగా తగ్గుతుంది. అందుకే ఆపరేటరుకు రోగం కుదిరినట్లు అనిపిస్తుంది.

చివరగా దారం. స్ప్రాకెట్ మధ్య నుండి ఐడ్లర్ మధ్యకు దారం లాగి, ప్రతి రోలరు మధ్యభాగం ఆ దారానికి ఎంత దూరంలో ఉందో కొలవాలి. చక్రాల వెడల్పులు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి అంచుల నుండి కొలవక మధ్యల నుండే కొలవాలి. ఒక్క రోలరు మాత్రమే వరుస తప్పితే దాని బ్రాకెట్టును, వరుసంతా క్రమంగా ఒక పక్కకు పోతే ఫ్రేమును చూడాలి.

ఇన్ని పరీక్షల తరువాత కూడా లోపం ట్రాకుదా, యంత్రానిదా అనే సందేహం మిగిలితే రెండు ట్రాకులను ఎడమ, కుడి మార్చి వేయడం నిర్ణాయక పరీక్ష. లోపం ట్రాకుతో పాటు అవతలి పక్కకు పోతే ట్రాకుది. ఉన్నచోటే ఉండిపోతే యంత్రానిది. శ్రమతో కూడిన పని కావున దీనిని కోతల నడుమ కాక, సీజను ముగిసిన తరువాత చేయడం మంచిది. దిశ గుర్తు ఉన్న ట్రాకులను మార్చినప్పుడు బయటి రబ్బరు దిమ్మెలు సరైన దిశలో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

బిగువు ఎంత

బిగువు గురించి ఒక్క మాట. ట్రాక్ నేలను వదిలి వేలాడుతున్నప్పుడు మధ్య రోలరుకు, ట్రాక్ లోపలి తలానికి మధ్య ఖాళీని కొలవడం సాధారణ పద్ధతి. ఎంత ఉండాలనేది ఒక్కొక్క నమూనాకు ఒక్కొక్కటి. యంత్రంతో వచ్చిన పుస్తకంలోని కొలతనే పాటించాలి. రెండు పక్కలా ఒకే కొలత ఉండటం ఆ కొలత ఎంత అన్నదానితో సమానమైన విషయం. గ్రీజు సిలిండరుతో బిగువు సరిచేసే లోడర్లలో, ఎక్స్‌కవేటర్లలో గ్రీజు తీవ్రమైన ఒత్తిడిలో ఉంటుంది. వాల్వును నెమ్మదిగా, పుస్తకం చెప్పిన మేరకే వదులు చేయాలి. ముఖం, చేతులు దానికి ఎదురుగా ఉంచరాదు. ఒత్తిడితో చిమ్మిన గ్రీజు చర్మంలోకి చొచ్చుకుపోతే అది చిన్న గాయంలా కనిపించినా అత్యవసర శస్త్రచికిత్స అవసరమయ్యే ప్రమాదం.

కోత మధ్యలో తీసుకోవలసిన నిర్ణయం

ఆకాశం మబ్బుపట్టి, ఇంకా రెండెకరాలు మిగిలి, ట్రాక్ ఫ్రేముకు రాసుకుంటున్న చప్పుడు వినిపిస్తున్న వేళ రైతు అడిగే ప్రశ్న ఒక్కటే: కోత పూర్తి చేయవచ్చా, ఆపాలా? పుస్తకంలో దీనికి సమాధానం దొరకదు. పై పరీక్షల ఆధారంగా కొంతవరకు చెప్పవచ్చు.

ఉక్కు తీగలు బయటపడినా, ఇనుప కడ్డీ రబ్బరు నుండి ఊడినా యంత్రాన్ని వెంటనే ఆపాలి. ఆ ట్రాక్ బురద మధ్యలో తెగితే యంత్రాన్ని బయటకు లాగడానికి మరొక యంత్రం కావాలి; ఆ లాగుడులో మడి పాడవుతుంది. స్ప్రాకెట్ బోల్టులు వదులైనా ఆపవలసిందే. రోలరు బిగుసుకుపోయినట్లయితే, అంటే కొంతసేపు నడిచాక ఒక్క రోలరు మాత్రమే మిగతా వాటికంటే బాగా వేడెక్కి ఉంటే, ట్రాక్ దాని మీద తిరగక ఈడ్చుకుపోతోంది. కొద్ది గంటల పనికి ప్రమాదం తక్కువే గాని రాత్రంతా నడపరాదు.

ఫ్రేము మెలి, ఐడ్లర్ గాడి అరుగుదల వంటి లోపాల్లో జాగ్రత్తగా కోత పూర్తి చేసుకునే వీలుంటుంది. ట్రాకును కడిగి, బిగువును పుస్తకంలోని కొలతకు తెచ్చి, అంతకు మించి బిగించకుండా, మడి పొడవు వెంబడి నేరుగా కోస్తూ పోవాలి. మూలల్లో వెనుకకు పోతూ తిప్పరాదు. ఆగి, నేరుగా వెనుకకు జరిగి, ముందుకు పోతూ వెడల్పుగా తిరగాలి. మూలల్లో మిగిలిన పంటను కూలీలతో కొడవళ్ల మీద కోయించుకోవడం ట్రాక్ ఎక్కించుకోవడంకంటే తక్కువ ఖర్చు. గట్టు దాటవలసి వస్తే లంబంగా, గట్టును ఇరువైపులా కాస్త చెక్కి దాటాలి. ట్యాంకులో ధాన్యం నిండక ముందే దించుకుంటూ ఉంటే లోపం ఉన్న ఫ్రేము మీద భారం తగ్గుతుంది.

కస్టమ్ హైరింగ్ కేంద్రాల్లో, వాటి యంత్రాలను నడిపే సంఘాల్లో సీజనుకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి ఈ సుద్ద పరీక్ష చేసి కొలతలను ఒక పుస్తకంలో నమోదు చేయించడం విస్తరణ శాస్త్రవేత్తలకు సాధ్యమయ్యే పని. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వంటి చోట్ల శిక్షణ పొందిన వారికి ఈ పద్ధతిని నేర్పడానికి ఒక పూట చాలు. వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థులు ఆ పుస్తకాల్లోని కొలతలను రెండు మూడు సీజన్ల పాటు సేకరిస్తే, మన నేలల్లో ఏ భాగం ఎన్ని గంటలకు అరుగుతుందో అంచనా వేయడానికి వీలవుతుంది. నల్లరేగడి బురదలో నడిచిన యంత్రానికి, చల్క నేలల ఇసుకలో నడిచిన యంత్రానికి ఆ గంటలు ఒకే రకంగా ఉండవు కాబట్టి, కొలతతో పాటు నేల రకాన్ని, రోడ్డు మీద నడిపిన దూరాన్ని కూడా అదే వరుసలో రాసి ఉంచాలి.